మొవ్వులో చిటికెడు ఇసుక

మా మామ ఒక మొక్కజొన్న పంట కాలం మొత్తం నాతో ఎద్దు ద్వారా మాట్లాడాడు. నవ్వులాటకి అంటున్నాననుకోకండి. నేను చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడి ఉన్నా సరే, ఆయన తల పక్కకి తిప్పి, "ఒరే ఎర్రోడా, గోడ పక్కన పార ఉన్నాది, అట్టుకు రమ్మని సెప్పరా" అనేవాడు. ఎర్ర ఎద్దు ఈగల్ని తోలుకోడానికి తల ఊపేది. నేను వెళ్ళి పార తెచ్చి ఎద్దు కాళ్ళ దగ్గర పెట్టేవాణ్ణి. ఆయన ఎద్దు దగ్గర్నుంచి తీసుకునేవాడు. ముగ్గురం మర్యాదగా ఎవరి పని వాళ్ళం చేసుకునేవాళ్ళం.

ఆయనకి ఎద్దులు రెండు. తెల్లదానితో వాన గురించి, దేవుడి గురించి, పక్క పొలం ఆసామి గట్టు కొంచెం కొంచెంగా ఇటు జరపడం గురించి మాట్లాడేవాడు. నా వ్యవహారమంతా ఎర్రోడి శాఖ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదట్లో పళ్ళు కొరుక్కున్నాను. తర్వాత ఒక పొద్దున్న ఆయన, "ఎర్రోడా, కుడితి పెట్టీసినాడా అని అడుగు" అంటే, నేనూ ఎద్దు రెండో చెవి దగ్గరికి వెళ్ళి, "ఎర్రోడా, ఎప్పుడో పెట్టీసినానని సెప్పు. తాగినోడివి నువ్వే కదరా" అన్నాను. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న మా ఆవిడ చేట వదిలేసి నవ్వింది. మామ మీసం కూడా కదిలినట్టు అనిపించింది గానీ, ఒట్టేసి చెప్పలేను.

ఇంతకీ నేను ఆ గుమ్మంలోకి ఎలా వచ్చానో చెప్పాలి. మాది నౌపడ దాటి, ఉప్పుమళ్ళు దాటి, ఇక నేల అయిపోయిన చోట ఉండే ఊరు. నాన్నది పడవ, అమ్మది చేపల గంప. మా ఆవిడది పాతపట్నం పక్క పల్లె. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ వరి, నువ్వులు, పెసలు. ఆమె ఒక్కతే కూతురు. కాలేజీ బస్సులో కలిశాం. ఎవరినీ అడక్కుండా పెళ్ళి చేసుకున్నాం. అడిగితే ఏమంటారో ఇద్దరికీ తెలుసు కాబట్టి, అడిగి వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాం. విశాఖపట్నంలో నేను రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో, ఆమె బట్టల కొట్టులో పనిచేసుకుంటూ ఉండగా, మామ మోకాలు వాచిపోయి లేవలేకపోతున్నాడని పొరుగావిడ ఫోన్ చేసింది. అత్త అప్పటికే లేదు. రెండు సంచులతో వచ్చి వాకిట్లో నిలబడ్డాం.

మామ కూతుర్ని చూసి, "వచ్చినావా అమ్మా, అన్నం తిను" అన్నాడు. నన్ను చూసి ఎద్దు వైపు తిరిగాడు. "ఎర్రోడా, ఈ సముద్రపోడు ఎన్నాళ్ళుంటాడో అడుగు. మట్టి పని మూణ్ణాళ్ళు సేసి పారిపోయేటోడైతే ఇప్పుడే పొమ్మను. పంట గింజ ఎండబోసిన రోజుకీ ఇక్కడే ఉంటే, అప్పుడు సూద్దుం."

ఆ సాయంత్రం మా ఆవిడ పెరట్లో పళ్ళేలు తోముతూ నాకు విడమరిచి చెప్పింది. "అమ్మ పోనాక ఇంట్లో మనిషి నేక, ఎద్దులతో మాటలు మొదలెట్టినాడంట. నాన్నని ఇలగ ఒగ్గీసి నాను మళ్ళీ ఎల్లలేను. అలగని నిన్ను మనిషిగా పిలవని ఇంట్లో ఉండను. గింజ ఎండబోసిన రోజుకి ఆయన నోటితో నిన్ను అల్లుడా అనాల. అనకపోతే ఇద్దరం ఎల్లిపోదుం." చెప్పేటప్పుడు గొంతు గట్టిగానే ఉంది. పళ్ళెం మాత్రం తోమిందే తోముతోంది. ఆ పళ్ళెం తీసుకుని నేనే కడిగి బోర్లించాను. సరే, ఈ ముసలాయన చేత అనిపించి తీరతానని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

మేం రాకముందే, కార్తీకానికి ముందు తుఫాను వచ్చి, వెన్ను మీదున్న వరిని నేలమీద పడుకోబెట్టేసింది. మిగిలిందేదో కోసేశారు. జనవరి చివర్లో అదే మడిలో మొక్కజొన్న వెయ్యాలని మామ నిర్ణయం. నువ్వుల మీద ఆయనకి ప్రేమ ఎక్కువే గానీ, పోయిన వరిని పూడ్చే శక్తి మొక్కజొన్నకే ఉందని తెల్ల ఎద్దుతో చెప్తుండగా విన్నాను.

విత్తనం వేసేముందు నేలలో పదును చూడాలి. తడి ఎక్కువుంటే దున్నినప్పుడు పెడ్డలు లేస్తాయి, తక్కువుంటే గింజ మొలవదు. మామ మట్టి ఒక గుప్పెడు తీసి, గట్టిగా పిసికి, నడుం ఎత్తునుంచి వదిలేవాడు. ముద్ద కిందపడి విరిగి పొడిపొడి అయితే పదును. ముద్ద ముద్దలాగే ఉండిపోతే ఆగాలి. నేను రోజూ పొద్దున్నే, మంచు ఇంకా మోకాళ్ళ ఎత్తున పాకుతుండగానే, మడిలోకి పోయి ముద్దలు చేసి వదిలి చూసేవాణ్ణి. ఏది విరిగిందో ఏది విరగలేదో నాకే అర్థమయ్యేది కాదు. మడంతా ఎవరో ఉండలు చుట్టి ఆరబెట్టినట్టు తయారైంది. మామ గట్టు మీంచి చూసి, "ఎర్రోడా, లడ్డూలు సాలు, ఇంక పెళ్ళోరు వచ్చీలాగున్నారని సెప్పు" అన్నాడు.

పదును కుదిరిన రోజున అసలు చిక్కు వచ్చింది. మొక్కజొన్న సాళ్ళు తిన్నగా ఉండాలి. తర్వాత కలుపు తియ్యాలన్నా, ఎద్దుల్ని మధ్యలోంచి తోలాలన్నా అదే ఆధారం. నేను మామ చెప్పినట్టే తాడు పట్టుకున్నాను గానీ, ఎక్కడెక్కడ గింజ వెయ్యాలో తాడు మీద గుర్తు నిలవలేదు. రంగు గుడ్డముక్కలు కడితే జారిపోయాయి. చిర్రెత్తి ఇంట్లోకి పోయి, మా ఊరినుంచి మంచం అల్లుకోడానికని తెచ్చుకున్న పాత వల తీసి, అది నీళ్ళమీద తేలడానికి కట్టిన బెండ్లు కోసి, జానెడుకొకటి చొప్పున వల ముడి వేసి తాడుకి బిగించాను. వల ముడి జారదు. సముద్రమే జార్చలేదు దాన్ని. బెండు దగ్గరల్లా ఒక గింజ. మందు పట్టించిన గులాబీ రంగు గింజలు, నల్లటి మట్టి, తెల్లటి బెండ్లు. మా ఆవిడ వెనకాలే వేసుకుంటూ వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మడి సగం అయింది.

మామ ఆ బెండ్ల తాడుని చాలాసేపు చూశాడు. "ఎర్రోడా, ఈ మడిలో ఏ సేప పడతాదో అడుగు" అన్నాడు చివరికి. కానీ రెండో రోజు ఆ తాడు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు.

చలికి మొలక ఆలస్యమైంది. రోజూ వెళ్ళి చూడటం, ఏమీ లేకపోవడం, నెమలి వచ్చి గింజ ఏరుకుంటుంటే దాని వెంట పరిగెత్తడం. శివరాత్రి దగ్గర పడి చలి వెనక్కి తగ్గగానే, ఒక పొద్దున్న మడి నిండా పచ్చటి సూదులు. సాలు తర్వాత సాలు, బెండు దగ్గర మొక్క. నేను గట్టు మీద నిలబడి అరిచాను. ఏమని అరిచానో తెలీదు. పడవ నిండా చేప వచ్చినప్పుడు మా నాన్న అరిచే అరుపు అది. పక్క మళ్ళలో వాళ్ళు పామనుకుని కర్రలు పట్టుకుని వచ్చారు. అప్పటినుంచీ నేను ఇంట్లో కన్నా మడిలోనే ఎక్కువ ఉన్నాను. మా ఆవిడ అన్నం అక్కడికే తెచ్చేది. ఆ వాసన, ఆ పచ్చదనం నా బుర్రకెక్కేసింది. నేను పుట్టించిన ఆకు! ఐసు ఫ్యాక్టరీలో నేను చేసిందంతా సాయంత్రానికి నీళ్ళయిపోయేది.

మొక్కలు ఇంకా మోకాలి ఎత్తుకి రాకముందే ఒక పొద్దున్న, లేత ఆకుల మీద గాజు అద్దాల్లాంటి మచ్చలు కనిపించాయి. పచ్చదనం గీకేసి పొర మాత్రం మిగిల్చినట్టు. ఇంకో రెండు మూడు రోజులకి విచ్చుకున్న ఆకుల మీద అడ్డంగా వరసగా చిల్లులు, కండక్టరు టికెట్టు మీద కొట్టినట్టు. మొవ్వులోకి తొంగిచూశాను. మొవ్వంటే మొక్క నడినెత్తిన కొత్త ఆకులు చుట్టచుట్టుకుని పైకొచ్చే చోటు. అందులో తడి రంపపు పొట్టులాంటి పెంట. వేలితో తోడితే, మట్టి రంగు పురుగు, నెత్తిన తిరగేసిన పంగలకర్ర గుర్తుతో, నన్ను తాపీగా చూసింది.

కత్తెర పురుగు. మా వైపు అది కొత్తగా దిగిన ఏడాది అది. ఫోన్లలో దాని బొమ్మ ఊరంతా తిరిగింది. మందు తెచ్చి కొట్టాం. పైపైనున్నవి చచ్చాయి. లోపలున్నవి తమ పెంటనే తలుపులా అడ్డం పెట్టుకుని హాయిగా కూర్చున్నాయి. మామ గట్టు మీద కాలు చాపుకుని కూర్చుని, వాచిన మోకాలికి ఆముదం రాసుకుంటూ అన్నాడు: "ఒక్క ఏడాదిలోనే రెండు పురుగులు దిగినాయిరా ఎర్రోడా. ఒకటి సేలో, ఒకటి ఇంట్లో. సేలోదానికి మందు కొట్టినాం. ఇంట్లోదానికి ఏటి కొడతాం?"

నాకు ఒళ్ళు మండింది. "ఎర్రోడా, ఇంట్లో పురుగు ఆకు ముట్టదని సెప్పు. దానికి సేపల పులుసు కావాల. ఈ ఇంట్లో అది దొరక్క ఎండిపోతన్నాది" అన్నాను. అని మళ్ళీ మడిలోకి పోయి ఒక్కొక్క మొవ్వులో వేలు పెట్టి పురుగుల్ని తీసి చంపుతూ కూర్చున్నాను. ఒకటి తీస్తే పక్క సాలులో ఇంకొకటి. ఈ మడి పోతే గింజ ఎండబోసే రోజే ఉండదు. ఆ రోజు లేకపోతే ఆయన అనడమూ లేదు, మేం ఉండటమూ లేదు. పురుగు ఆకు తింటోంది అనుకుంటున్నారు అందరూ. అది మా ఆవిడ పుట్టిల్లు తింటోందని నాకొక్కడికే తెలుసు.

వ్యవసాయ శాఖ నుంచి వచ్చినాయన మడి చూసి, మందుతో పాటు ఇంకో పని చెయ్యమన్నాడు. పురుగు ఒళ్ళు మెత్తన, మొక్క చిన్నగా ఉండగానే మొవ్వులో పొడి ఇసుక, సన్నది, వేస్తే ఒరుసుకుని చస్తుందని చెప్పాడు. మా వాగులో ఉన్నది ఇసుక కాదు, గులకరాళ్ళు. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఈ గోలంతా చెప్పాను. మా అమ్మ ఫోన్‌లో కూడా పడవ మీదున్న మనిషిని పిలిచినట్టే మాట్లాడుతుంది. "ఇసకా? ఇసకకేటిరా బాబూ? మన ఊరంతా ఇసకే కదరా" అంది. అంది గానీ నేను పట్టించుకోలేదు. మర్నాడు కాదు, ఆ మర్నాడు, "పాతపట్నం టేసన్లో ఉన్నాను, ఆటో ఏదైనా పంపు" అని ఫోన్ వచ్చింది.

మా అమ్మ, ఆమెతో చేపల వ్యాపారం చేసే ఇద్దరు పిన్నులు, నౌపడ నుంచి వచ్చే పాసింజరులో చేపల గంపల నిండా సముద్రపు ఇసుక వేసుకుని దిగారు. ఆ ముగ్గురూ ఆ బండిలో ఏళ్ళ తరబడి చేపలు అమ్ముకొచ్చినవాళ్ళే. రైలు పెట్టెలో అలవాటైన వాళ్ళంతా, "ఏటమ్మా, ఏ సేప తెచ్చినావు?" అని గంపల మీది గోనె ఎత్తి చూశారట. "సేప కాదమ్మా, ఇసక." "ఇసకా? ఎవరికి?" "మా వియ్యంకుడికి." పెట్టె అంతా నవ్వలేక చచ్చారని ఒక పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. అమ్మకి మాత్రం నవ్వు రాలేదు. కొడుకు అత్తారింటికి మొదటిసారి వస్తూ ఉత్తి చేతులతో రాకూడదు. కొడుక్కి ఏది కావాలో అది తెచ్చింది. అంతే.

ఆటో సరాసరి మడి గట్టుకే వచ్చింది. మామ ఎద్దుల దగ్గర ఉన్నాడు. పెళ్ళికి ముందూ తర్వాతా ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అమ్మ గంప దించి, కొంగు బిగించి, "అన్నయ్యా, బాగున్నావా? మోకాలెలగుంది?" అంది. మామ కంగారుపడి ఎర్రోడి వైపు తిరిగాడు. "ఎర్రోడా, బాగానే ఉన్నామని సెప్పు."

అమ్మ ఎద్దు ముందుకొచ్చి నిలబడింది. దాని మొహంలోకి, ఆయన మొహంలోకి చూసింది. "ఎద్దుతో మాటాడతన్నావేటన్నయ్యా? నాను ఇటున్నాను" అంది. పిన్నులు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మామకి ఇక దారి లేదు. అన్నయ్యా అని పిలిచిన ఆడమనిషికి ఎద్దు చేత జవాబు చెప్పించడం మర్యాద కాదని ఆయనకీ తెలుసు. "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు నేల చూస్తూ. నాకు ఒళ్ళంతా అసూయ. వచ్చిన క్షణంలో సాధించేసింది!

ఆ ఇబ్బంది దాటేయడానికేమో, మామ వంగి గంపలోంచి చిటికెడు ఇసుక తీసి నాలిక మీద వేసుకున్నాడు. "ఉప్పు" అన్నాడు. "ఇది మొవ్వులో పడితే పురుగు కన్నా ముందు మొక్క సస్తాది."

"ఉప్పేటి అన్నయ్యా" అని అమ్మా ఒక చిటికెడు నోట్లో వేసుకుంది. "సప్పగానే ఉన్నాది." పిన్నులిద్దరూ నాకారు. సప్పనే. నేనూ నాకాను. నాకూ సప్పనే. మా ఆవిడ నాకి, మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది. సముద్రం వాళ్ళందరికీ సప్పన, నేల వాళ్ళిద్దరికీ ఉప్పు. మళ్ళీ నాకి చూశాం. గట్టు మీద సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి, ఎండలో నిలబడి ఇసుక తింటున్న ఆరుగురిని చూసి, ఏమీ అడక్కుండా తొక్కుకుంటూ పోయాడు. ముందు మా ఆవిడ నవ్వింది. తర్వాత పిన్నులు. నవ్వు ఆపుకోలేక నేను గట్టు మీద కూలబడ్డాను. మామ మాత్రం నవ్వలేదు, ఆయన నోట్లో ఇంకా ఇసుక ఉంది.

"అయితే కడుగుదుం" అంది అమ్మ. "నెత్తళ్ళు కడిగినట్టు కడుగుదుం. దానికేటి?" బోరు గొట్టం కింద పాత చీర నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని, అందులో ఇసుక పోసి, ఊపుతూ కడిగారు. చిన్న చేపల్ని కడిగేటప్పుడు చేసే ఒడుపే. ఒక్కో విడత కడగ్గానే మామ వచ్చి చిటికెడు నాలిక మీద వేసుకుని తీర్పు చెప్పేవాడు. "తెల్లోడా, ఇంకా ఉన్నాది." పంట సంగతి కాబట్టి వ్యవహారం తెల్లోడి శాఖకి మారింది. మళ్ళీ కడగడం. మళ్ళీ నాకడం. చివరికి ఆయన కళ్ళు మూసుకుని, నాలిక కదిపి, "సప్పబడినాది" అన్నాడు. అని, వేళ్ళ మధ్య మిగిలిన ఇసుకని నా వైపు చాపాడు. ఒక్క మాటా అనకుండా, ఎద్దుకి కూడా చెప్పకుండా. నేను నాలిక మీద వేసుకున్నాను. నాకు మొదట్లోనూ సప్పగానే ఉంది కాబట్టి నా తీర్పుకి విలువ లేదు. అయినా ఎర్రోడిలా గంభీరంగా తల ఊపాను.

ఇసుకని టార్పాలిన్ మీద ఆరబెట్టి, ఆ పూట అమ్మ వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. గంపల అడుగున ఎండు చేపలు కూడా ఉన్నాయని అప్పుడు తేలింది. చింతపండు పులుసు పెట్టింది అమ్మ. మామ వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. తిని, పాకలో ఉన్న ఎద్దుకి వినపడేలా ఇంట్లోంచే గట్టిగా, "ఎర్రోడా, ఇంకాస్త పులుసు ఉన్నాదేమో అడుగు" అన్నాడు. అమ్మ ఎద్దు జవాబు కోసం చూడకుండా గరిటెతో పోసింది.

మర్నాడు పొద్దున్నే అందరం సాళ్ళలోకి దిగాం. ఒళ్ళో ఇసుక మూట, కుడి చేత్తో తీసి మొవ్వులో వెయ్యడం, పక్క మొక్కకి జరగడం. అమ్మా పిన్నులూ పందెం వేసుకున్నారు. ఎవరి సాలు ముందు అవతలి గట్టుకి చేరితే వాళ్ళు మిగతావాళ్ళని రేవులో బేరగాళ్ళని తిట్టినట్టు తిట్టొచ్చు. ఆ తిట్లు ఆ పల్లె ఎప్పుడూ విని ఉండదు. నేనూ ఊపులో ఉన్నాను. పురుగుల మీద పగ, ముందుకి దూసుకుపోతున్న పిన్నుల మీద పంతం. గుప్పిళ్ళతో తీసి మొవ్వుల్లో కుమ్మరిస్తూ పోతున్నాను.

మామ గట్టు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. నా సాలు ఆయన ముందుకొచ్చేసరికి ఆయన మొహం మారింది. నోరు తెరిచాడు. ఎడమకి తిరిగాడు. ఎర్రోడు లేడు. కుడికి తిరిగాడు. తెల్లోడూ లేడు. అంతకుముందే మా ఆవిడ, నీళ్ళు పెట్టి తెస్తానని రెండిటినీ వాగు వైపు తోలుకుపోయింది. నేను ఇంకో మొక్క నెత్తిన గుప్పెడు పోశాను. మామ గట్టు మీద వాలిన కాకిని చూసి, "ఒరే కాకీ" అన్నాడు. కాకి ఎగిరిపోయింది. నేను ఇంకో గుప్పెడు ఎత్తాను.

"ఒరే, ఆగరా!" అని గట్టు దద్దరిల్లేలా కేకేశాడు. "గుప్పెడు కాదురా, సిటికెడు. సిటికెడు ఎయ్యి. అంత పోస్తే పురుగు కాదు, మొక్క ఊపిరాడక సస్తాది. ఇటియ్యి." కుంటుకుంటూ సాలులోకి దిగాడు. నా మూటలోంచి మూడు వేళ్ళతో ఇసుక తీసి, మొవ్వు మీద చెయ్యి ఆడించి, అన్నంలో ఉప్పు జల్లినట్టు జల్లాడు. "సూసినావా? ఇలగ. ఇప్పుడు నువ్వెయ్యి. ఊఁ. అంతే." నేను వేశాను. ఆయన పక్కనే మోకాలు పట్టుకుని నిలబడి, నేను కుమ్మరించిన గుప్పిళ్ళన్నీ తీయించి, ఆ సాలు చివరిదాకా నాతో నడిచాడు. ఎద్దులు వాగు నుంచి తిరిగొచ్చేసరికి, ఆయన మళ్ళీ గట్టు ఎక్కి, ఎర్రోడితో, "ఆడికి మజ్జిగియ్యమని సెప్పు" అన్నాడు. అయినా సరే. నాలుగు మాటలు సూటిగా పడ్డాయి నా మీద. ఒరే అన్నాడు. తిట్టాడు. ఆ పూట నేను మజ్జిగ తాగుతూ ఊరికే నవ్వుతూనే ఉన్నాను. మా ఆవిడ మాత్రం, "అల్లుడా అన్నాడా?" అని అడిగింది. అనలేదు.

ఇసుక పని చేసింది. మళ్ళీ మందు, మళ్ళీ ఇసుక, మధ్యలో ఒక వాన. కొత్త ఆకులు చిల్లులు లేకుండా విచ్చుకున్నాయి. కింది ఆకుల మీద టికెట్టు చిల్లులు అలాగే ఉండిపోయాయి. నెత్తిన జల్లు పూత వేసి, కండె పట్టి, పీచు ఎర్రబడి, మడి నా తలదాటి పెరిగింది. అందులో నడుస్తుంటే గలగలమంటూ ఆకులు, మెడ మీద గీతలు, దురద, చెమట, ఎంత సంతోషమో చెప్పలేను. నాన్న ఫోన్‌లో, "ఏటిరా, ఎలగుంది వేట?" అని అడిగేవాడు. "బాగుంది నాన్నా, పీకల్దాకా ఉన్నాది" అనేవాణ్ణి.

ఎండలు ముదిరాక కండెలు విరిచి, ఒలిపించి, గింజని తారు రోడ్డు అంచున ఎండబోశాం. పసుపుపచ్చటి గింజ, పొడుగ్గా, రోడ్డు మలుపుదాకా. దాన్ని తిరగెయ్యడానికి చెప్పులు విడిచి, కాళ్ళు ఈడ్చుకుంటూ సాళ్ళు తీస్తూ నడవాలి. నేనూ మా ఆవిడా అటూ ఇటూ నడుస్తున్నాం. మామ వేపచెట్టు నీడలో, ఎద్దుల్ని బండికి కట్టకుండా పక్కన నిలబెట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. ఎండబోసిన రోజు ఇదే. ఆయన పొద్దున్నించీ ఎర్రోడితోనే, గోనెలు తెమ్మను, ఆ పక్క తిరగెయ్యమను, అంటున్నాడు. మా ఆవిడ కాళ్ళ కింద గింజ గట్టిగా చప్పుడు చేస్తోంది. ఆమె మొహం నేను చూడటం లేదు.

చివరికి ఆమే ఆగింది. "నాన్నా, ఆ వేళ ఇసక వేసేటప్పుడు ఈడితో బాగా మాటాడినావు కదా. మళ్ళీ ఇదేటి?"

"ఆ వేళ ఎద్దులు నేవు" అన్నాడు మామ.

"ఎందుకు నేవు? నానే తోలుకుపోనాను. ఆటికి దాహమూ నేదు, ఏటీ నేదు. నీకు ఎద్దు దొరక్కుండా సెయ్యాలనే తోలుకుపోయి, వాగులో తుమ్మసెట్టు సాటున నిలబెట్టి, నువ్వు అరిసీదాకా సూసినాను." అంటూ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు నిండాయి.

మామ లేచి నిలబడ్డాడు. కూతురికేసి చూశాడు. తన ఎద్దుల్ని, తన మీదికే, సొంత కూతురు! ఆయనకి నిజంగా కోపమొచ్చింది. ఇక దీనితో మాట్లాడేది లేదన్నట్టు మొహం తిప్పేసుకున్నాడు. ఎర్రోడి వైపు కాదు. రోడ్డు మీద గింజలో నిలబడ్డ నా వైపు.

"అల్లుడా" అన్నాడు. "దానికి సెప్పు. ఎద్దుల్ని నన్నడక్కుండా తోలుకుపోకూడదని సెప్పు."

మా ఆవిడ వైపు చూశాను. ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుని, నా రెండో చెవి దగ్గరికి వచ్చి నిలబడింది.

"తప్పయిపోనాదని సెప్పు. ఇక్కడే ఉంటాం కదా, ఇంక అలగ సెయ్యనని సెప్పు" అంది.

నేను తల ఊపాను. వేపచెట్టు కింద ఎర్రోడు కూడా, ఈగల కోసం, ఊపాడు.